మత్తడి దుంకే మీథేన్ చెరువు

ప్రశ్న: శని ఉపగ్రహం టైటాన్ మీద నడిచే 24 పేజీల సాహస కామిక్ గీస్తున్నాను. ఏ ఊరు గీసినా ఎక్కడో చూసినట్టే వస్తోంది. మనదనం ఉండాలని అంతరిక్ష నౌకకు కాకతీయ తోరణం పెట్టాను, అతికించినట్టుంది. కొత్త లోకానికి కావలసిన సరుకు ఎక్కడ దొరుకుతుంది?
– ఒక డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: తోరణం తీసేయండి. దాని చుట్టూ ఎవరూ ఏ పనీ చేయడం లేదు, అందుకే అతుకులా ఉంది. మీకు దగ్గర్లోనే పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఉన్నాయి. టైటాన్ మీదా సరస్సులున్నాయి. నీళ్లవి కావు, ద్రవ మీథేన్‌వి. ఎక్కువగా ఉత్తర ధ్రువం వైపే. మీ ఊరిని అక్కడ, గొలుసుకట్టు చెరువుల కింద పెట్టండి.

ఒక పూట చెరువు దగ్గర కూర్చుని కట్ట, తూము, మత్తడి (చెరువు నిండితే పొర్లిపోయే అలుగు) వేర్వేరుగా గీసుకోండి. ఆ తర్వాత ఒక్కోదాన్నీ టైటాన్ లెక్కలోకి మార్చండి. అక్కడ మైనస్ 179 డిగ్రీల చలి, మంచుగడ్డే బండరాయి. అంటే కట్ట మంచురాళ్లది. తూము ఎత్తే మోటారు వేడెక్కిందా, పక్కనున్న కట్ట కరిగి బుంగ పడుతుంది. ఇక గండి ఎంతసేపు! ఇళ్లకూ అదే తిప్పలు: లోపలి వెచ్చదనానికి పునాది కరిగి గోడ ఒరుగుతుంది. అందుకని ఇళ్లను స్తంభాల మీద లేపండి.

తగవు వెతుక్కోనక్కర్లేదు. పై చెరువు మత్తడి దుంకితేనే కింది చెరువు నిండుతుంది. టైటాన్ మీద ఒక్కో ఋతువు మన లెక్కలో ఏడేళ్ల పైమాటే. పై ఊరివాళ్లు రాత్రికి రాత్రి మత్తడి మీద మూడు వరసల రాళ్లు పేర్చారనుకోండి, కింది ఊరికి ఏళ్ల తరబడి కరువు. ఆ రాళ్లు మొదట చూసేది నీరటి, అంటే తూము ఎత్తి పొలాలకు నీళ్లు వదిలే మనిషి. మీ కథానాయిక ఆమే కావచ్చు.

తప్పులు దొర్లేది ఇక్కడే. రామప్ప గుడి ఇటుక నీళ్ల మీద తేలుతుంది కదాని ఈ చెరువులో తేల్చకండి. ద్రవ మీథేన్ బరువు నీటిలో సగం కూడా ఉండదు, ఇటుక మునుగుతుంది. చెరువులో పడ్డ మనిషీ అంతే, ఈదలేడు. మత్తడి ధార ఆకారం మన దగ్గర ఉన్నట్టే గీయొచ్చు, వేగమే తగ్గుతుంది. మీటరు ఎత్తునుంచి రాయి పడటానికి ఇక్కడ అర సెకను కూడా పట్టదు, అక్కడ 1.2 సెకన్లు. కాబట్టి ఒక్క పడటాన్ని మూడు ప్యానెళ్లకు సాగదీయండి. చెరువు కట్టను కాచే దేవత కట్టమైసమ్మను ఉంచుకోండి, గండి భయం ఉన్నచోట ఆ తల్లి ఉంటుంది. దీపం మాత్రం బయట పెట్టకండి. అక్కడి గాలిలో ఆక్సిజన్ లేదు, వెలగదు.

చెరువు మొత్తాన్ని ఒక్కసారే, రెండో పేజీలో పెద్ద ప్యానెల్‌గా చూపితే చాలు. ఆపైన తూము పిడి, నీరటి చేతి తొడుగు, పేర్చిన రాళ్లు.

ప్రశ్న: టైటాన్ ఆకాశంలో శనిని వలయాలతో పెద్దగా గీశాను. తప్పంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: నిజమే. నేలమీద నిలబడితే నారింజరంగు పొగమంచు తప్ప శని కనబడదు. నౌక ఆ పొర దాటి పైకి వెళ్లాక గీయండి. అప్పుడు శని మన చందమామకు దాదాపు 11 రెట్ల వెడల్పుంటుంది. కానీ టైటాన్ తిరిగేది ఇంచుమించు వలయాల తలంలోనే. పళ్లెం అంచును చూసినట్టు, వలయాలు సన్నటి గీతలా కనిపిస్తాయి. ఆ గీతను స్కేలుతోనే గీయండి.