గండికోటలో తాడు వేసే ముందు

చిన్నోడా,

నువ్వు ఫ్రెండ్స్‌తో గండికోట లోయలో క్లైంబింగ్‌కి పోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడి ముందు "నా తర్వాత మన ఇంట్లో ఇంకొకరు తయారయ్యారు" అని నవ్వేశాను. గర్వంగానే ఉందిరా, కాదనను, కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పడితే ఒట్టు. విసుక్కోకుండా చివరిదాకా చదువు.

హెల్మెట్ తియ్యొద్దు. నీళ్లు ఎక్కువ పెట్టుకో. ఎండ ముదిరేలోపు గోడ వదిలెయ్యి. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి గోడల చుట్టుపక్కల బోల్టులు, సుత్తులు బయటికి తియ్యనే వద్దు, అనుమతి సంగతి ముందే కనుక్కో.

అక్కడి రాయి క్వార్ట్‌జైట్, మహా గట్టిది, వేళ్లకి పట్టు బాగా దొరుకుతుంది. మోసం కూడా అక్కడే ఉంది. అడ్డంగా పొరలు, నిలువుగా చీలికలు ఉండటంతో సిమెంటు లేకుండా పేర్చిన ఇటుకల్లా కొన్ని రాళ్లు ఊరికే కూర్చుని ఉంటాయి. బరువు వేసే ముందు అరచేత్తో తట్టి చూడు, డొల్లగా మోగితే దాని జోలికి పోకు. అంచులు చాలా పదును, తాడు రాసుకునే ప్రతిచోటా మందపాటి గోనెపట్టా వెయ్యి. యాంకర్, అంటే తాడు బరువంతా మోసే కట్టు, ఒక్క బండకే ఎప్పుడూ కట్టకు, విడివిడిగా రెండు మూడు చోట్ల కట్టి బరువు పంచు.

ఇక అసలు విషయం. ఎక్కేటప్పుడు అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటారు. దిగేటప్పుడే, పని అయిపోయిందనుకున్న ఆ పావుగంటలోనే కొంపలు మునుగుతాయి. మాకు నేర్పిన సీనియర్ ఒకాయన ఉండేవాడు, మా ముడులన్నీ ఆయనే చూసేవాడు. ఇలాంటి లోయలోనే ఒక సాయంత్రం పొద్దు వాలుతోందని తొందరలో తాడుని మధ్య గుర్తు దగ్గర యాంకర్‌లో మడిచి రెండు పాయలూ కిందికి విసిరాడు. అంతకుముందు ఒక కొస పీచులు లేచిందని కోసేశారు, మధ్యలో ఉండే గుర్తు మాత్రం పాతచోటే ఉండిపోయింది. అంటే ఆ గుర్తు ఇక మధ్య కాదు, ఒక పక్క తాడు పొట్టి. గోడ పొట్టలా ముందుకు వచ్చి ఉండటంతో పైనుంచి కొసలు కనపడవు. కొసలకి ముడి వెయ్యలేదు. ముడి తెలియక కాదు, తాడు లాగేటప్పుడు చీలికలో ఇరుక్కుని చీకటి పడుతుందని. సగం పైగా బాగానే దిగాడు. పొట్టి కొస డివైస్‌లోంచి, అంటే నడుముకి తగిలించుకుని తాడుని పట్టి ఆపే పరికరంలోంచి, జారిపోగానే రెండో పాయ సర్రున యాంకర్‌లోంచి పరిగెత్తింది, తాడంతా ఆయనతో పాటే కిందికి పోయింది. ఒక ఇంటి ఎత్తు కింద రాతి అరుగు అడ్డం ఉంది కాబట్టి మడమ ఎముక విరగడంతో పోయింది. మేం పైన తాడు లేకుండా, ఆయన కింద అరుస్తూ. చుట్టూ తిరిగి దిగి, మోసుకుని పైకి వచ్చేసరికి నడిరాత్రి దాటింది. దారి పొడుగునా ఆయన "ముడి వెయ్యండమ్మా" అంటూనే ఉన్నాడు.

లెక్క నువ్వే వేసుకో. 60 మీటర్ల తాడు మడిస్తే చేతికొచ్చేది 30 మీటర్లే, దాదాపు 100 అడుగులు. అక్కడ లోయ సుమారు 300 అడుగుల లోతు, అంటే నీ తాడు మూడో వంతుకి వస్తుంది. అందుకని ఎంత చిన్న దిగుడైనా ఒక్కో కొసకి మూర వదిలి, విడివిడిగా బిగించి ముడి వెయ్యి. డివైస్ కింద ప్రూసిక్, అదే సన్న తాడుతో వేసే పట్టు ముడి, కూడా కట్టుకో, చెయ్యి జారినా అది పట్టుకుంటుంది. కిందికి చేరాక ముడులు విప్పే తాడు లాగాలి, అదీ మర్చిపోకు. "అత్తా, నాకు తెలుసులే" అంటావు. తెలిసినాయనకే జరిగిందిరా వెధవా!

తేనెపట్టులంటే నాకు ఇంకా ఒళ్లు జలదరిస్తుంది. కొండ తేనెటీగలు అలాంటి గోడల నీడలోనే పట్టు పెడతాయి, తాడు మీద వేలాడుతున్నవాడు పరిగెత్తలేడు కదా. ముందురోజే ఎదుటి గట్టు నుంచి గోడంతా చూడు. పట్టు కనిపిస్తే ఆ లైన్ మానెయ్యి. సెంటు కొట్టుకోవద్దు, దగ్గర్లో ఎవరినీ పొగ పెట్టనివ్వొద్దు.

నీళ్ల దగ్గరికి దిగితే పెన్న ఎప్పుడూ ఇలాగే నిదానంగా ఉంటుందనుకోకు. అది నంది కొండల్లో పుట్టి వస్తుంది, ఇక్కడ ఆకాశం తేటగా ఉన్నా పైన వాన పడి ఉండొచ్చు. లోయకి ఎగువనే గండికోట ప్రాజెక్టు ఉంది, గేట్లు ఎత్తుతున్నారేమో ఊళ్లో అడక్కుండా అడుగు కిందికి పెట్టొద్దు.

నా పాత తాడు అడిగావట, ఇవ్వను. వాడకుండా దాచినా నైలాన్ తాడుని 10 ఏళ్లు దాటితే పక్కన పెట్టమని తయారు చేసేవాళ్లే చెబుతారు, అది ఎప్పుడో దాటిపోయింది. కొత్తదానికి డబ్బులు మీ నాన్న అకౌంట్‌లో వేశాను. తాడు రాగానే ఆదివారం మా ఇంటికి తీసుకురా, కొసలు కలిపి మధ్య గుర్తు మనిద్దరం పెడదాం.

మీ అత్త