గుండె ఆగినంక మనిషెట్ల బతుకుతది?

ప్రశ్న: గుండె సర్జన్లలో మీకు అందరికంటే గొప్పగా అనిపించేది ఎవరు? ఎందుకు?

నేను పెర్ఫ్యూజనిస్ట్‌ని. గుండె ఆపరేషన్ జరుగుతున్నప్పుడు హార్ట్-లంగ్ మెషీన్ నడిపేవాళ్లని అలా అంటారు. థియేటర్‌లో మేం దాన్ని పంప్ అనే పిలుస్తాం. పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఇదే నా పని.

ఇలాంటి ప్రశ్నకి చాలామంది క్రిస్టియాన్ బర్నార్డ్ పేరు రాస్తారు. 1967 డిసెంబర్‌లో కేప్‌టౌన్‌లో ఒక మనిషి గుండెని ఇంకో మనిషికి మొదటిసారి అమర్చినాయన, ఆ పేరు రావడం న్యాయమే. మన రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ గారు 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలో మొదటిసారి గుండె మార్పిడిని విజయవంతంగా చేశారు. ఎవరైనా ఆయన పేరు రాస్తే నాకింకా సంతోషం. కానీ ఇద్దరి పక్కనా ఒక మెషీన్ తిరుగుతూ ఉంది. అది లేకపోతే ఆ రెండు ఆపరేషన్లూ లేవు. దానికోసం ఇరవై ఏళ్లకు పైగా కూర్చున్న ఫిలడెల్ఫియా సర్జన్ జాన్ గిబ్బన్ పేరే నా జవాబు.

ఆయన గురించి నేను గట్టిగా చదవడం మొదలుపెట్టింది ఒక తల్లి అడిగిన మాట వల్ల. పాలమూరు వైపు నుంచి ఆరోగ్యశ్రీ మీద తొమ్మిదేళ్ల పాపని తీసుకొచ్చారు. గుండె పైగదుల మధ్య గోడకి రంధ్రం. ఈ రోజుల్లో ఇలాంటివి చాలావరకు తొడ దగ్గర నరంలోంచి డివైస్ పంపి మూసేస్తారు. ఈ పాపకి రంధ్రం పెద్దది, డివైస్ పట్టుకోవడానికి చుట్టూ అంచు చాలదు. అందుకని ఛాతీ తెరవాల్సి వచ్చింది. ముందురోజు సాయంత్రం వార్డు బయట నన్ను ఆపి అడిగిందామె. "గుండెను ఆపుతరంట గద సారూ. గుండె ఆగినంక మనిషెట్ల బతుకుతది?"

రోజూ చేసే పనే, కానీ ఆ క్షణంలో నోట మాట రాలేదు. తడుముకుని చెప్పాను. "అమ్మా, ఒంట్లోని చెడు రక్తం గుండెకి పోకుండా ముందే ఒక పైపులోకి తీసుకుంటాం. మెషీన్‌లో దానికి గాలి పట్టించి, మంచి రక్తం చేసి, ఇంకో పైపులోంచి మళ్లీ ఒంట్లోకే పంపుతాం. గుండె పని, ఊపిరితిత్తుల పని కాసేపు మేం చేస్తాం." ఆమె తలూపింది గానీ, నమ్మిందో లేదో నాకు తెలియలేదు. నమ్మలేకపోతే తప్పేముంది? వందేళ్ల కిందట డాక్టర్లలో కూడా చాలామంది నమ్మేవాళ్లు కాదు.

1930ల మొదట్లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో గిబ్బన్ ఇంకా కుర్ర డాక్టర్. పిత్తాశయం ఆపరేషన్ అయిన ఒకావిడకి ఊపిరితిత్తుల పెద్ద రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. ఆమె పక్కన కూర్చుని ఎప్పటికప్పుడు నాడి, బీపీ చూసి రాసే పని ఈయనది. పదిహేడు గంటలు కూర్చున్నాడు. పొద్దున్నే ఆయన చీఫ్ ఎడ్వర్డ్ చర్చిల్ ఛాతీ తెరిచి ఏడు నిమిషాల్లోపే గడ్డలు తీసేశాడు. అయినా ఆవిడ దక్కలేదు. ఆ రాత్రంతా గిబ్బన్ మనసులో ఒకటే తిరిగిందట. నరాల్లో ఉబ్బి నిలిచిపోయిన ఆ నల్లటి రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ పట్టించి, ధమనిలోకి పంపగలిగితే ఈమె బతుకుతుంది కదా అని.

ఎవరికైనా ఒక రాత్రి ఇలాంటి ఆలోచన రావచ్చు. ఈయనకి అది మళ్లీ వదల్లేదు. పెద్దవాళ్లు పెద్దగా ఉత్సాహం చూపించకపోయినా 1934లో బోస్టన్‌కి తిరిగొచ్చి ఒక ల్యాబ్‌లో పని మొదలుపెట్టాడు. తోడు ఆయన భార్య మేరీ, అందరూ మేలీ అనేవారు. ఆమె ల్యాబ్ టెక్నీషియన్. పాత సామాన్ల కొట్లో కొన్ని డాలర్లకి దొరికిన ఎయిర్ పంప్, రబ్బరు బిరడాలు, గాజు గొట్టాలు, అవీ వాళ్ల సరంజామా. ప్రయోగాలకి పిల్లులు కావాలి. రాత్రిళ్లు గోనెసంచి, చేప ముక్కలు పట్టుకుని ఈయనే బోస్టన్ వీధుల్లో పిల్లుల్ని పట్టుకొచ్చేవాడు.

1935లో ఒకరోజు పిల్లి గుండె నుంచి ఊపిరితిత్తులకి పోయే నాళాన్ని బిగించి పూర్తిగా మూసేశారు. మెషీన్ తిరుగుతూనే ఉంది, పిల్లి బీపీ కదల్లేదు. భార్యాభర్తలిద్దరూ ఒకరినొకరు పట్టుకుని నవ్వుతూ, అరుస్తూ ల్యాబంతా గంతులేశారని ఆయనే తర్వాత రాశాడు. నాకు అందులో ఆశ్చర్యం ఏమీ లేదు. ఇప్పటికీ క్లాంప్, అంటే రక్తనాళాన్ని బిగించే పట్టుకారు, వేశాక మానిటర్ మీద ప్రెషర్ నిలబడితే నా గుండె ఒకసారి ఎగురుతుంది.

మధ్యలో యుద్ధం వచ్చింది. ఆర్మీలో సర్జన్‌గా పనిచేసి తిరిగొచ్చి ఫిలడెల్ఫియాలో జెఫర్సన్ మెడికల్ కాలేజీలో చేరాడు. పిల్లికి సరిపోయిన మెషీన్ మనిషికి చాలదు, రక్తం ఎన్నో రెట్లు ఎక్కువ. అప్పుడు ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్ తన ఇంజినీర్లని, డబ్బుని ఇచ్చాడు. నిలువుగా వేలాడదీసిన స్టీలు జాలీల మీదుగా రక్తం పల్చటి పొరలా జారుతుంటే దానికి ఆక్సిజన్ పట్టేలా చేశారు. ఇప్పుడు మా చేతిలో ఉండే ఆక్సిజనేటర్ ఒక చెంబంత ఉంటుంది, లోపలంతా వెంట్రుకల్లాంటి సన్నటి గొట్టాలు. అందులోకి నేరేడుపండు రంగులో వెళ్లిన రక్తం దానిమ్మగింజ రంగులో బయటికొస్తుంది. వేలసార్లు చూశాను, ఇప్పటికీ కన్ను అక్కడికే పోతుంది.

1953 మే 6న పద్దెనిమిదేళ్ల సిసీలియా బవోలెక్‌కి ఆపరేషన్. ఆ పాలమూరు పాపకున్న జబ్బే, పైగదుల మధ్య రంధ్రం. ఇరవై ఆరు నిమిషాలు ఆ అమ్మాయి గుండె, ఊపిరితిత్తుల పనంతా మెషీనే చేసింది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ చాలక జాలీల మీద గడ్డలు కట్టడం మొదలైంది. గిబ్బన్ రంధ్రాన్ని గబగబా కుట్టి ముగించాడు. అమ్మాయి బతికింది.

మా వృత్తి తెలియనివాళ్లకి ఆ నిమిషాలు ఎలా ఉంటాయో చెప్పాలంటే నా సంగతి ఒకటి చెప్పాలి. నేను కొత్తగా చేరిన చోట, ఆ హాస్పిటల్ పేరు వద్దు, ఒకరోజు కేసు మధ్యలో కరెంట్ పోయింది. జనరేటర్ అందుకునేదాకా మోయాల్సిన పంప్ బ్యాటరీ మోయలేదు. స్క్రీన్ మీద అంకెలు ఆరిపోయాయి, రక్తాన్ని ముందుకు తోసే రోలర్ ఆగింది. పంప్‌కి చేత్తో తిప్పే హ్యాండిల్ ఉంటుంది, దానిమీద ఎటు తిప్పాలో బాణం గుర్తు ఉంటుంది. మత్తు డాక్టర్ గారు సెల్‌ఫోన్ లైట్ ఆ బాణం మీద పెట్టారు. నేను తిప్పుతున్నాను, మా సీనియర్ రిజర్వాయర్‌లో, అంటే ఒంట్లోంచి వచ్చిన రక్తం చేరే డబ్బాలో, రక్తం మట్టం చూస్తూ "నెమ్మది, నెమ్మది" అంటున్నారు. మట్టం మరీ పడిపోతే గాలి లోపలికి పోతుంది. నాలుగు నిమిషాలు. కరెంట్ వచ్చాక కూడా నా చెయ్యి హ్యాండిల్ వదల్లేదు, సీనియరే వేళ్లు విడదీశారు. పేషెంట్ క్షేమంగా ఇంటికెళ్లాడు. ఇప్పటికీ కేసుకి ముందు హ్యాండిల్ చేతికందే చోట ఉందో లేదో తడిమి చూడకుండా నేను మొదలుపెట్టను.

గిబ్బన్‌ది నాలుగు నిమిషాలు కాదు, ఇరవై ఏళ్లు. సిసీలియా కంటే ముందు 1952లో పదిహేను నెలల పసిబిడ్డ పోయింది. గుండెలో రంధ్రం అనుకుని తెరిచారు, రంధ్రం లేదు, అసలు జబ్బు వేరే అని తర్వాత తెలిసింది. గుండె లోపల ఏముందో ముందే చూపించే ఎకో లాంటివి ఆ రోజుల్లో లేవు. సిసీలియా తర్వాత రెండు నెలలకి ఇద్దరు చిన్నపిల్లలకి చేశారు, ఇద్దరూ దక్కలేదు. అంతటితో గిబ్బన్ ఆపేశాడు. మళ్లీ ఎప్పుడూ తన మెషీన్‌తో గుండె తెరవలేదు. మిన్నెసోటాలోని మేయో క్లినిక్‌లో జాన్ కిర్క్లిన్ అదే మెషీన్‌ని మెరుగుపరచి 1955లో వరసగా ఎనిమిదిమందికి చేస్తే నలుగురు బతికారు. అక్కడి నుంచి దారి తెరుచుకుంది.

గిబ్బన్ వెనక్కి తగ్గాడని, ధైర్యం చాలలేదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ప్రపంచమంతా తనవైపు చూస్తున్నప్పుడు, ఇంకో బిడ్డని ఆ బల్లమీద పడుకోబెట్టే హక్కు నాకింకా రాలేదు అనుకోగలగడం మాటలు కాదు. పైగా తన డ్రాయింగులు దాచుకోలేదు, కిర్క్లిన్ బృందానికి ఇచ్చాడు. ఒక్క కేసు బాగా జరిగితే ఛాతీ విరుచుకుని తిరిగే మనుషుల మధ్య పనిచేస్తున్నాను కాబట్టి ఇది నాకు ఇంకా పెద్దగా కనిపిస్తుంది. ఆయన 1973లో టెన్నిస్ ఆడుతూ గుండెపోటుతోనే పోయాడు.

ఆ పాలమూరు పాప సంగతి. పంప్ మీద ముప్పై నిమిషాలు కూడా పట్టలేదు. క్లాంప్ తీయగానే గుండె దానంతట అదే కొట్టుకుంది. డిశ్చార్జి రోజు వాళ్లమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఆ మిషిని చూపించమంది. లోపలికి తీసుకెళ్లడానికి వీల్లేదు. తలుపు అద్దంలోంచి చూపించాను. చెప్పులు విడిచి దండం పెట్టింది. ఎవరు చేసిన్రని అడిగింది. అమెరికాలో ఒక డాక్టరు, ఆయన భార్య, ఇద్దరూ కలిసి ఇరవై ఏళ్లు కష్టపడ్డారని చెప్పాను.

"వాళ్లకు పిల్లలున్నరా సారూ?"

నలుగురు అన్నాను.

"సల్లగుండాలె" అని, పాప చెయ్యి పట్టుకుని లిఫ్ట్ వైపు నడిచింది.