అలీ కథ రాస్తున్న మేనకోడలికి

అమ్మడూ,

నువ్వు ఉద్యోగానికి సెలవు పెట్టి బాక్సర్ మహమ్మద్ అలీ మీద నవల రాస్తున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. సైన్యంలో చేరనన్నందుకు బాక్సింగ్ లైసెన్సు పోకుండా ఉంటే ఆయన బతుకు ఎలా సాగేదో ఊహించి రాస్తున్నావట. వినగానే ఛాతీ పొంగింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. సెలవు పెట్టే ముందు మావయ్యకి ఒక్క మాట చెప్పొద్దా?

తేదీలు సరిచూసుకో. పోటీలు మొదటి నుంచి చివరిదాకా చూడు, ముక్కలు కాదు. అర్ధరాత్రి దాటాక మేలుకోకు.

1967 మార్చిలో ఫోలీ అనే బాక్సర్‌ని పడగొట్టేనాటికి అలీకి పాతికేళ్ళు. మళ్ళీ రింగులో దిగింది 1970 అక్టోబరులో. ఆ మూడున్నరేళ్ళూ తిరిగి ఇచ్చేస్తే కథ సుఖాంతం అనుకుంటున్నావు కదూ? నిజమే, అప్పటి ఆ కాళ్ళకి దెబ్బలు అందేవి కావు. తిరిగొచ్చాక కాళ్ళు నెమ్మదించాయి, ఎంత దెబ్బయినా ఓర్చుకోగలనని తెలుసుకున్నాడు. ఆ ఓర్పే ఆయన్ని తినేసిందని నా నమ్మకం. కానీ హ్యూస్టన్‌లో సైన్యంలోకి పేరు పిలిస్తే అడుగు ముందుకు వెయ్యని మనిషిని చెరిపెయ్యకమ్మా. నేనైతే 1975లో మనీలాలో ఫ్రేజియర్‌తో జరిగిన పోటీ దగ్గర కథని మలుపు తిప్పుతాను. పద్నాలుగో రౌండు అయ్యాక అతను లేస్తానన్నా వినకుండా, అతని ట్రైనర్ ఎడ్డీ ఫచ్ పోటీ ఆపేశాడు. గెలిచిన అలీని ఆపడం ఎవరి వల్లా కాలేదు. 1977లో షేవర్స్‌తో పోటీ తర్వాత ఇక చాలని చెప్పిన డాక్టరు పచేకో, మాట చెల్లక వెళ్ళిపోయాడు. 1980లో హోమ్స్ చేతిలో పది రౌండ్లు దెబ్బలు తిన్నాక గాని అలీ ట్రైనర్ డండీ ఆపలేదు.

నాకెందుకింత పట్టింపో మీ అమ్మకి కూడా తెలీదు. కుర్రతనంలో నా స్నేహితుడు ఇక్కడి పోటీలో దిగితే రింగు మూలన వాడికి సాయంగా, కార్నర్‌లో నేనున్నాను. రెండో రౌండులో కణత మీద దెబ్బ తగిలి మోకాలి మీద కూలాడు. రిఫరీ ఎనిమిది లెక్కపెట్టేసరికి లేచాడు. గంట కొట్టాక స్టూలు మీద కూర్చుని "ఏ రౌండురా?" అన్నాడు. చెప్పాను. నీళ్ళు పుక్కిలించి ఉమ్మి, మళ్ళీ అదే అడిగాడు. టవల్ నా భుజం మీదే ఉంది. రింగులోకి విసిరితే ఓటమి ఒప్పుకున్నట్టే, పోటీ అక్కడితో అయిపోయేది. పాయింట్లలో మేమే ముందున్నాం, జనం వాడి పేరు పెట్టి అరుస్తున్నారు. "ఒక్క రౌండే, లే" అని నోట్లో గమ్‌షీల్డు పెట్టి పంపాను. గెలిచాడు. గంటస్తంభం దాకా మోసుకెళ్తుంటే నా భుజం మీదే వాంతి చేసుకున్నాడు. అలసట అనుకున్నాను. వారం తిరక్కుండా మళ్ళీ ప్రాక్టీసుకి లాక్కొచ్చింది కూడా నేనే. ఇప్పుడు వాడి చేతులు వణుకుతాయి. ఆ ఒక్క రాత్రి వల్లేనని ఏ డాక్టరూ చెప్పడు. నా భుజానికి మాత్రం ఆ టవల్ ఇంకా తగులుతూనే ఉంటుంది.

అందుకే నీ నవల్లో కార్నర్‌ని మర్చిపోకు. అక్కడ నిలబడ్డవాడి చెయ్యి ఎందుకు లేవలేదో రాయి. డబ్బుకి ఇబ్బందైతే నన్నడుగు, మొహమాటపడకు.

సిరిమానుకి రా, వాడి దగ్గరికి తీసుకెళ్తాను. ఆ రాత్రి సంగతి ఎత్తకు. ఎడమచేత్తో సూటిగా కొట్టే ఆ జాబ్ దెబ్బ ఎలా వేసేవాడో అడుగు, లేచి నిలబడి చూపిస్తాడు. టీ మాత్రం సగం గ్లాసే పొయ్యమను, నిండుగా ఉంటే ఒలుకుతుంది.

మీ మావయ్య,
విజయనగరం