సింహరాజ అడవికి పోయే బిడ్డకు

బిడ్డా,

ఫిబ్రవరిల శ్రీలంకకు పోతున్నవని, ఒక రోజు సింహరాజ అడవిల గైడుతోని పిట్టలు చూడటానికే పెట్టుకున్నవని మీ అమ్మ చెప్పింది. మంచి నెల పట్టినవు. జనవరి నుంచి మార్చి దాక అక్కడ వాన జర తక్కువ. తక్కువంటే లేదని కాదు, గొడుగు పెట్టుకో. రెయిన్‌కోటు వద్దు. నడుస్తుంటే గరగరమంటది, ఆ చప్పుడుల సన్న కూతలు వినపడవు.

ఆ అడవిల పిట్ట ముందు చెవికి దొరుకుతది, తర్వాతనే కంటికి. సెరెండిబ్ స్కాప్స్ అనే చిన్న గుడ్లగూబ సంగతి చూడు. శ్రీలంక పిట్టల నిపుణుడు దీపాల్ వరకగోడ 1995ల ఎవరికీ తెలియని కూత ఒకటి విన్నడు. పిట్ట కంటపడ్డది 2001ల, కొత్త జాతి అని పేరుపెట్టింది 2004ల. అందుకే గైడు ఆగి తల పక్కకు వంచిండంటే నువ్వూ అక్కడనే ఆగు. అడగాల్సింది తర్వాత అడుగు.

గైడుకు వారం ముందే మెసేజ్ పెట్టు. ఎక్కడ కలుస్తడు, అడవిలకు పోయే కుడవ గేటు ఎన్నింటికి తెరుస్తరు, జీపు ఎవరిది, అడవి టికెట్టు ఆయన చెప్పిన పైసలల్లనే కలిసిందా, ఇంకెంతమంది వస్తరు, ఇవన్నీ రాతల ఉండాలె. నలుగురు దాటితే సన్న బాటల వెనకున్నోళ్లకు తోక కూడ దొరకదు. చూడాలనుకునే పిట్టలు ఐదు రాయి. యాభై రాస్తే పాపం ఆయన నిన్ను ఉరికిస్తడు, ఒక్కటీ నిలబడి చూడవు.

దుర్బిణీ 8 రెట్లది, 42 మిల్లీమీటర్ల అద్దాలది చాలు. 10 రెట్లదైతే చెయ్యి వణుకు కూడ అంతే పెరుగుతది. ముందు కుడికన్ను మూసి, నడుమ చక్రం తిప్పి ఎడమకంటికి బొమ్మ తేటగ తెచ్చుకో. తర్వాత ఎడమకన్ను మూసి, కుడి గొట్టం మీది రింగు మాత్రమే తిప్పు. కండ్లద్దాలు పెట్టుకుంటవు కదా, రబ్బరు కప్పులు లోపలికి దించు. పోయే ముందు రెండు పొద్దులు పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద కూర్చుండి బుడబుంగను పట్టు. అది మునిగి ఇంకోచోట తేలుతది, తేలినప్పుడల్లా దుర్బిణీల దొరికించుకో. చూపు పిట్ట మీదనుంచి తియ్యకుండ దుర్బిణీనే కండ్లకాడికి తేవాలె, ఆ అలవాటు పడితే చాలు. ఏసీ రూముల ఉంటే దాన్ని అరగంట ముందు బయటపెట్టు. చల్లటి అద్దానికి అడవి గాలి తగిలితే ఆవిరి పడుతది.

అక్కడి అసలు సంబురం రకరకాల పిట్టలు కలిసి తిరిగే గుంపు. చాన సేపు అడవి ఖాళీగ ఉంటది, ఒక్కసారే చెట్టంత కదులుతది. నారింజరంగు ముక్కు బాబ్లర్లు ఆకులు కెలుక్కుంట వస్తుంటే, జుట్టు డ్రోంగో వెంటనే ఉంటది. మన బర్రె మీద కూర్చునే పసులపోలిగాని చుట్టమే అది. ఇక్కడ బర్రె లేపిన పురుగును పట్టినట్టే అక్కడ బాబ్లర్లు లేపినదాన్ని పడుతది. గుంపు వెంట ఉరకకు, ఉరికితే చెదురుతది. నిలబడి ముందు చెట్టు కొసలు చూడు, మన జెముడుకాకి జాతిదే ఎర్రమొఖం మల్కోహా పైననే తిరుగుతది. శ్రీలంక నీలి మాగ్‌పై కనపడితే ఇటుకరంగు తల, ఎర్ర ముక్కు, తెల్ల కొసల తోక వరుసగ చూసుకో. ఫోటో తర్వాత.

కప్పనోటి పిట్ట (ఫ్రాగ్‌మౌత్) పగలంత ఎండుటాకుల లెక్క కొమ్మ మీద కూర్చుంటది. గైడు చూపిస్తే ఒక్కొక్కరే పోయి చూడుండ్రి. ఫ్లాష్ వద్దు. రికార్డు కూత మళ్ళమళ్ళ వేయించకు, ఇంకో పిట్ట వచ్చిందని అది మేత ఇడిసి ఆగమైతది.

జలగలకు భయపడకు. మన చెరువు జలగ నీళ్లల్ల ఉంటది, అక్కడిది నేల మీద, ఆకు మీద నిలబడి కాలు ఎక్కుతది. మోకాలు దాక వచ్చే జలగ సాక్సు ప్యాంటు మీదనుంచి తొడుగు. పట్టుకుంటే గుంజకు, కాల్చకు. సన్నగున్న కొసన గోరు ఆనించి పక్కకు జరుపు, తర్వాత రెండో కొస. నెత్తురు గడ్డకట్టకుండ చేస్తది కాబట్టి కొంచెంసేపు కారుతది, బట్టతోని అదిమిపట్టు.

టిఫిను స్టీలు డబ్బల పెట్టుకో, ప్లాస్టిక్ కవర్ల చప్పుడు మంచిగుండదు. గైడు నీకన్న పెద్దోడైతే ‘అయ్యా’ అను, సింహళంల అన్న అని అర్థం. చిన్నోడైతే ‘మల్లి’. వచ్చేటప్పుడు బక్షీసు ఆయన చేతికే ఇయ్యి, డ్రైవరుది వేరే ఇయ్యి.

మీ పెద్దనాయిన,
దేవరకొండ