వారానికి పద్నాలుగా, ఇరవయ్యొకటా?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. ఆరేళ్ల కిందట గుండెలో మైట్రల్ వాల్వ్ తీసి మెటల్ వాల్వ్ వేశారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ రాత్రి అసిట్రామ్ 2 మి.గ్రా. వేసుకునేది. పోయిన నెల ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె) 1.8 వస్తే మందుల షాపాయన 3 వేసుకోమన్నాడు. మొన్న విరేచనాలకు మెట్రోనిడజోల్ వాడాం. నిన్న చూస్తే 4.6! టెన్షన్‌తో రాత్రి మాత్ర ఆపేశాం. గోంగూర ముట్టి ఆరేళ్లయింది, అయినా ఎందుకిలా? పరీక్షలు అక్కర్లేని కొత్త మాత్రలకు మారొచ్చా?
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, ఈ పేజీ మడిచి ముందు మీ కార్డియాలజిస్టుకు ఫోన్ చేయండి. ఎక్కడా రక్తం కారకపోతే 4.6కి మేమూ చాలాసార్లు ఒక పూట ఆపించి, రెండు మూడు రోజుల్లో మళ్లీ పరీక్ష చేయిస్తాం. కానీ ఇవాళ కూడా మీ అంతట మీరే ఆపకండి. మైట్రల్ చోట వాల్వ్‌కు గడ్డ కట్టే భయం ఎక్కువ. అందుకే అక్కడ ఐఎన్ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతాం.

అసిట్రామ్‌ను వారం లెక్కన చూడాలి. రోజుకు 2 అంటే వారానికి 14. రోజుకు 3 అంటే 21. షాపాయన ఒక్క మాటతో సగం పెంచేశాడు! నేనైతే ముందు 'మాత్ర ఏ రోజైనా మరిచిపోయారా?' అని అడుగుతాను. తప్పదనుకుంటే ఆదివారం ఒక్కరోజు 3, మిగతా ఆరు రోజులూ 2. అంతే, వారానికి 15. దాని మీద మెట్రోనిడజోల్ పడింది. అసిట్రామ్ లివర్‌లో అరగకుండా అది అడ్డుపడుతుంది. ఆ కోర్సు అయ్యాక అంకె మళ్లీ దిగుతుంది. అందుకే ఈ రెండు వారాలు పరీక్షలు దగ్గరదగ్గరగా చేయించాలి.

గోంగూర పెట్టండి, పాపం, ఆరేళ్లా! ఆకుకూరలు అసిట్రామ్ పనిని తగ్గిస్తాయన్నది నిజమే, కానీ వాటిని ప్రతి వారం ఇంచుమించు ఒకే కొలతలో తింటే చాలు, డోసును దానికి సరిపెడతాం. నెలంతా మానేసి పండక్కి మూడు రోజులు వరసగా తింటేనే చిక్కు.

కొత్త మాత్రలు మాత్రం వద్దు. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు వాటిలో ఒకటైన డాబిగాట్రాన్ ఇచ్చి చూస్తే గడ్డలూ, రక్తస్రావాలూ రెండూ పెరిగి ఆ అధ్యయనాన్నే ఆపేశారు. 2022లో మరో కొత్త మాత్ర అపిక్సాబాన్ అధ్యయనమూ మధ్యలోనే ఆగింది.

రాత్రి నిశ్శబ్దంలో అమ్మ వాల్వ్ టిక్ టిక్ మీకు వినిపిస్తూనే ఉంటుంది కదా. ఆ చప్పుడు మందగించినా, ఆయాసం వచ్చినా, మాట తడబడినా, విరేచనం తారులా నల్లగా అయినా ఫోన్లు పెట్టుకోకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.