చింతపండు పెట్టకండమ్మా

ప్రశ్న: మా నాన్నగారు కవుల బొమ్మలున్న నాణేలు దాచేవారు. ఆయన పోయాక పెట్టె తీస్తే 2011 నాటి టాగూర్ అయిదు రూపాయల బిళ్లలు చిలుము పట్టి ఉన్నాయి. 1999 నాటి సంత్ జ్ఞానేశ్వర్ రూపాయి మాత్రం శుభ్రంగా ఉంది. దసరాకి ఇత్తడి సామానుతోపాటు వీటినీ చింతపండుతో తోమేద్దామంటున్నారు మా అత్తగారు. తోమొచ్చా?
– ఒక సోదరి, ముమ్మిడివరం

జవాబు: వద్దమ్మా! అత్తగారి చెయ్యి పట్టుకునైనా ఆపండి. ఆ పాపం చేసినవాణ్ణి నేను. బ్యాంకులో క్యాషియరుగా ఉండగా కొత్త సంచీ విప్పినప్పుడు, నా జేబులోంచి అయిదు రూపాయలు వేసి ఓ టాగూర్ బిళ్ల తీసుకున్నాను. ఓ పండక్కి చింతపండు గుజ్జు పెట్టి తోమాను. మొదట బంగారంలా మెరిసింది, ఆనక ఎర్రబడింది. భూతద్దంలో చూస్తే ఆ మహానుభావుడి గడ్డం నిండా గీతలే.

ఆ బిళ్లలో ముప్పాతిక వంతు రాగి, అయిదో వంతు జింకు, మిగిలింది నికెల్. పులుపు పైపొరని తినేస్తుంది. చెంబుకైతే ఫరవాలేదు, మళ్లీ తోముకుంటాం. టంకశాలలో అచ్చు పడ్డప్పుడు వచ్చిన మెరుపు పోతే మరి రాదు. జ్ఞానేశ్వర్ రూపాయి స్టీలు కనక కోనసీమ తేమకి తట్టుకుంది.

బిళ్లలు ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్‌లో ఉన్నాయా? కొత్త రెయిన్‌కోటు వాసన వస్తోందా? అయితే అది పీవీసీ అనే రకం ప్లాస్టిక్. బిళ్లలమీద ఆకుపచ్చటి జిగురు ఉంటే దానివల్లే. ముందు అందులోంచి తీసెయ్యండి. జిగురుకి స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచిన దూదిని అద్దండి, రుద్దకండి. పొయ్యి దగ్గర మాత్రం వద్దు, భగ్గుమంటుంది. గోళ్ల రంగు తుడిచే సీసా దీనికి పనికిరాదు. మట్టి ఉంటే బ్యాటరీల కొట్లో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తటి గుడ్డమీద ఆరనివ్వండి. తరవాత గాలి చొరని డబ్బాలో చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు పడేయండి. శ్రావణంలో మా అమలాపురంలో గోడలే చెమర్చుతాయి, బిళ్లలెంత!

ప్రశ్న: టాగూర్ అయిదు రూపాయల బిళ్లకి లక్షలిస్తామంటూ ఫోన్ వచ్చింది. ముందు రిజిస్ట్రేషన్‌కి రెండు వేలు పంపమంటున్నారు.
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: పంపకండి. ఇలా రిజర్వు బ్యాంకు పేరు చెప్పి కమీషన్ గుంజేవాళ్లున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. మీ బిళ్ల చిల్లరలో తిరిగిందే. సరదాకి సంవత్సరం కింద చూడండి, ఏ ఊరి టంకశాలలో అచ్చయిందో తెలుస్తుంది: నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఆ నంబరు బ్లాక్ చేసి, బిళ్ల డబ్బాలో పెట్టుకోండి.