డాక్టర్ సలహా: తాగుడు మానమని చెప్పని కౌన్సెలింగ్ ఎందుకు?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. మా ఆయనకు 42 ఏళ్లు, ఏనుమాముల మార్కెట్‌లో అడ్తి దగ్గర గుమాస్తా. ఎన్నో ఏళ్లుగా తాగుతున్నారు. ఇప్పుడు రోజూ హాఫ్ బాటిల్ దాకా వచ్చింది, ఆదివారం పొద్దున కల్లు కూడా. బతుకమ్మ పండుగప్పుడు రెండు రోజులు మానేస్తే చేతులు వణికాయి, రాత్రంతా ఎదురుగా లేనివాళ్లతో మాట్లాడారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్లూకోజ్ ఎక్కించారు. మళ్లీ తాగాకే తగ్గింది. హనుమకొండలో కౌన్సెలర్ దగ్గరికి రెండుసార్లు తీసుకెళ్లాను. ఆమె తాగొద్దని ఒక్క మాట అనదు. 'తాగితే మీకు ఏం బాగుంటుంది?' అని అడుగుతుంది. ఇదేంటంటే ముందు మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్, తర్వాత ఆలోచనలు, అలవాట్లు మార్చుకునే సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అంటోంది. నేరుగా సీబీటీ చేయించకూడదా? రెండింటికీ ఫీజు దండగ కాదా? మెడికల్ షాపులో తాగుడు మాన్పించే గోళీలు ఇచ్చి, చెప్పకుండా కూరలో కలపమన్నారు. మొదలుపెట్టనా?
– ఒక సోదరి, హనుమకొండ జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ గోళీ సంగతి. కలపకండి. అది డైసల్ఫిరామ్ అయి ఉంటుంది, స్ట్రిప్ చూడకుండా ఖాయంగా చెప్పలేను. ఆ మందు ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడుతుంది, వాంతులు, గుండెదడ వస్తాయి, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకైతే ప్రాణం మీదికి రావచ్చు. లివర్ చూసి, తాగి కనీసం 12 గంటలు గడిచాక, రోగికి అన్నీ చెప్పి, ఒప్పించి ఇవ్వాల్సిన మందు అది. తనకు తెలియకుండా తింటున్న మనిషి ఆ సాయంత్రం తాగకుండా ఎలా ఉంటాడు?

ఇప్పటికే కలిపి ఉంటే ఈరోజే ఆయనకు చెప్పండి. కోపం చేస్తారని దాచకండి. గోళీ ఆపేసినా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండవచ్చు. అలాగని ఆయన్ని ఇంట్లో పెట్టి తాగుడు బంద్ చేయించడమూ సరికాదు. తాగినా ప్రమాదం, ఉన్నపళంగా మానినా ప్రమాదం. అందుకే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లమంటున్నాను.

పండుగప్పుడు జరిగినదాన్ని మీరు మామూలు విషయంలా రాశారు. అది మామూలు కాదు. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానితే కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుంది. ఫిట్స్ వచ్చేవాళ్లకు ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పడం, లేనివి కనిపించడం, జ్వరం రావచ్చు. చికిత్స లేకపోతే ప్రాణాలు కూడా పోవచ్చు. ఒకసారి ఇలా అయినవాళ్లకు మరోసారి అయ్యే అవకాశం ఎక్కువ.

గ్లూకోజ్ బాటిల్ గురించి కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి తాగినవాళ్లలో చాలామందికి వైటమిన్ బి1 అడుగంటి ఉంటుంది. ముందు బి1 ఇంజెక్షన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. నీరసం అనగానే బాటిల్ పెట్టించుకోవడం మన ఊళ్లలో అలవాటైపోయింది. తాగేవాళ్ల విషయంలో దయచేసి ఆ పని చేయకండి.

ఆదివారం కల్లు సంగతి డాక్టర్‌కు దాచొద్దు. మన దగ్గర కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. 2015లో ఎక్సైజ్ దాడులు పెరిగి ఆ కల్లు దొరకనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఎంతోమంది ఫిట్స్‌తో, పిచ్చి మాటలతో ఆస్పత్రులకు వచ్చారు. మీ ఆయన తాగే కల్లులో ఏముందో నాకు తెలియదు కానీ, చికిత్స చేసే డాక్టర్ లెక్కలోకి తీసుకోవాల్సిన విషయమే.

ఇక కౌన్సెలర్. ఆమె చేస్తున్నది సరైన పనే అనిపిస్తోంది. 'మానతావా లేదా' అని నిలదీస్తే తాగే మనిషి ఏం చేస్తాడో మీకే తెలుసు. పని టెన్షన్ అంటాడు, ఒళ్లు నొప్పులంటాడు, అందరూ తాగట్లేదా అంటాడు. ఆ కారణాలు చెప్పిన కొద్దీ తన మాట మీద తనకే నమ్మకం గట్టిపడుతుంది. మానాల్సిన కారణాలు అతని నోటి నుంచే రావాలన్నది మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. అమెరికన్ సైకాలజిస్ట్ విలియం మిల్లర్ 1983లో తాగుడు సమస్య ఉన్నవాళ్లతో పని గురించి రాస్తూనే దీన్ని ముందుకు తెచ్చారు. తాగితే ఏం బాగుంటుందని అడిగేది మెచ్చుకోవడానికి కాదు. అది చెప్పనిస్తేనే మనిషి రెండో వైపు కూడా నోరు విప్పుతాడు.

కౌన్సెలింగ్ గదిలో ఇలా నడుస్తుంది. 'మానాలని మీకు పదిలో ఎంత ఉంది?' 'మూడు.' 'ఒకటి అనలేదే, ఎందుకు?' కాసేపు మౌనం. 'వాసనొస్తదని బిడ్డ పక్కకు రాదు మేడం.' ఇంట్లో ఎన్నిసార్లు అడిగినా రాని మాట ఇది. ఇక్కడ కౌన్సెలర్ ఉపన్యాసం మొదలుపెట్టదు, ఆ మాటనే పట్టుకుని ఇంకాస్త చెప్పనిస్తుంది.

ఆ మాట వచ్చాక సీబీటీకి పని దొరుకుతుంది. ఏ రోజు, ఎవరితో, ఏ ఆలోచన తర్వాత చెయ్యి గ్లాసు మీదికి పోతోందో రాసుకోవాలి. మార్కెట్‌లో లెక్కలు ముగిశాక దోస్తులు పిలిస్తే ఏం చెప్పాలి? 'ఈ ఒక్కరోజుకే' అనే ఆలోచన వస్తే తనకు తాను ఏం జవాబు చెప్పుకోవాలి? కోరిక ఎగసి తగ్గేదాకా ఆ అరగంట ఎలా గడపాలి? ఇవన్నీ ఇంటి దగ్గర సాధన చేయాల్సినవి. మానాలన్న మనసే లేనివాడికి ఇస్తే డైరీ ఖాళీగా తిరిగొస్తుంది, మూడో వారానికి మనిషే రాడు. నేరుగా సీబీటీ ఎందుకు కాదంటే ఇందుకే. ఒకటి అయిపోయాకే రెండోది అని కూడా కాదు. మధ్యలో జారి మళ్లీ తాగితే కౌన్సెలర్ మళ్లీ మొదటి పద్ధతికి వస్తుంది. అప్పుడు 'మొదటికొచ్చింది, డబ్బులు పోయాయి' అని ఆపేయకండి.

ఫీజు గురించి ఒక్క మాట. తాగుడు చికిత్సలను పోల్చి చూడటానికి అమెరికాలో 1,726 మందితో చేసిన ప్రాజెక్ట్ మ్యాచ్ అనే అధ్యయనం ఫలితాలు 1997లో వచ్చాయి. మోటివేషనల్ పద్ధతిలో 4 సిట్టింగులు, సీబీటీలో 12 పెట్టారు. ఏడాది తర్వాత చూస్తే ఫలితాల్లో పెద్ద తేడా లేదు. కాబట్టి ఆ మొదటి సిట్టింగులు దండగ కాదు.

కానీ వణుకుతున్న మనిషికి ఏ కౌన్సెలింగూ ఎక్కదు. ముందు వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్య విభాగంలో గానీ, దగ్గర్లోని సైకియాట్రిస్ట్‌కు గానీ చూపించండి. చేర్చుకోవాలా, ఏ మందులు ఇవ్వాలా అన్నది పరీక్షించాక వాళ్లు చెప్తారు, నేను ఇక్కడ నుంచి రాయడం తగదు. డాక్టర్ చూసేదాకా మీ అంతట మీరు మాన్పించకండి. ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయండి. మీకే మనసు బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. డబ్బులు తీసుకోరు.

వెళ్లేటప్పుడు గోళీల స్ట్రిప్ తీసుకెళ్లండి. ఆయనకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయో లేదో, బీపీ, షుగర్ మందులు వాడుతున్నారో లేదో మీరు రాయలేదు. అక్కడ మొదట అడిగేవి అవే, గుర్తు చేసుకుని వెళ్లండి.